వాకర్ గారి కాళ్ళు, రేవల్లి నీళ్ళు

కెనడాలోని విండ్సర్‌లో ఒక లైబ్రరీ రెండో అంతస్తులో, కిటికీ పక్కన, 'కుటుంబ చరిత్ర' అని బోర్డు పెట్టిన బల్ల ఒకటి ఉంది. రిటైరయ్యేదాకా నేను కూర్చున్నది ఆ బల్ల వెనకే. తాత ఏ ఓడ దిగాడో, ముత్తవ్వ ఏ చర్చిలో పెళ్ళి చేసుకుందో, తమ ఇంటిపేరుకు అర్థమేమిటో కనుక్కుందామని జనం వచ్చేవారు. వెతికి చెప్పేవాణ్ణి. దొరక్కపోతే దొరకలేదని చెప్పేవాణ్ణి. ఉద్యోగమంతా కలిపి ఇంతే.

ఈమధ్య మన పిల్లలు కొందరు లైబ్రరీ కోర్సులు చదివి ఇలాంటి బల్లల వెనకకు వస్తున్నారు. "అంకుల్, జాబ్ ఎలా ఉంటుంది?" అని ఫోన్ చేస్తున్నారు. ఫోన్లో నా మాటలకు అంతుండదు. రాస్తే విసుగొచ్చినచోట మీరే మూసేయవచ్చు. అందుకని రాస్తున్నాను.

ముందు నా పేరు సంగతి తేల్చేస్తాను, లేకపోతే మధ్యలో గందరగోళం. మా ఇంటిపేరు పిల్లి. నా పేరు ఆనందరావు. మాది కృష్ణా జిల్లా, మిషన్ స్కూలు చదువు. మనం ఇంటిపేరు ముందు రాసుకుంటాం కదా. కెనడాకు అప్లై చేసినప్పుడు ఫస్ట్ నేమ్ అన్నచోట, మొదట వచ్చేది ఇదే కదా అని 'పిల్లి' అని రాశాను. లాస్ట్ నేమ్ అన్నచోట ఆఖరున వచ్చేది 'ఆనందరావు' అని రాశాను. ఇంగ్లీషు ఎమ్.ఎ. చేసిన మనిషిని! విమానం దిగేసరికి కాగితాల మీద మిస్టర్ ఆనందరావునీ, మనుషుల నోట్లో పిల్లినీ అయిపోయాను. ఆఫీసులో పొద్దున్నే "గుడ్ మార్నింగ్, పిల్లీ" అంటుంటే తిరిగి మ్యావ్ అనాలనిపించేది. ఇప్పుడు మా అబ్బాయీ, మనవలూ అందరూ ఆనందరావులే. అంటే ఒక వంశానికి మూలపురుషుణ్ణి నేను. ఆ హోదా కోసం వెనకటివాళ్ళు రాజ్యాలు గెలిచారు, నేను ఒక అప్లికేషన్ తప్పుగా నింపాను.

ఇంటిపేరు తలకిందులైన మనిషిని తీసుకొచ్చి ఊరందరి ఇంటిపేర్లూ చూసే కుర్చీలో కూర్చోబెట్టారన్నమాట.

చూపే ముందు చూడు

కూర్చోబెట్టినావిడ మార్గరెట్, మా విభాగానికి పెద్ద. సన్నటి మనిషి. ఎండాకాలం, చలికాలం ఒకటే స్వెట్టర్. ఎప్పుడూ గొంతు పెంచేది కాదు. అందువల్ల ఆవిడ ఏమన్నా ఇప్పటికీ నాకు వినిపిస్తూనే ఉంటుంది.

చేరిన కొత్తలో ఒక పెద్దావిడ వచ్చి తన ఇంటిపేరు కౌవర్డ్ అంది, అర్థం కావాలంది. కౌవర్డ్ అంటే పిరికివాడని ఎమ్.ఎ. చదివిన నాకు తెలియదా? డిక్షనరీ వైపు చూడకుండా ఆవిడ వైపు జాలిగా చూశాను. "మీ పెద్దల్లో ఎవరో యుద్ధంలో ఒక అడుగు వెనక్కి వేసుంటారు, తప్పేముంది, ప్రాణం తీపి కదా" అని ఓదార్చాను. ఆవిడ నేరుగా మార్గరెట్ దగ్గరికి వెళ్ళింది. మార్గరెట్ ఒక లావుపాటి పుస్తకం తెచ్చి నా ముందు తెరిచింది. కౌ అంటే ఆవు. హెర్డ్ అంటే కాపరి. రెండూ కలిసి అరిగిపోయి కౌవర్డ్. ఆవులు కాసుకునే ఆయన్ని నేను యుద్ధంలోంచి పరిగెత్తించాను.

మార్గరెట్ అప్పుడు ఇంగ్లీషులో ఏదో చెప్పింది. అది నా బుర్రలో తెలుగులో ఇలా స్థిరపడింది: జాలి చూపే ముందు పుస్తకం చూడు.

ఆవిడే ఇంకో మాట చెప్పేది. ఈ బల్ల దగ్గర మనం ఇవ్వగలిగిన జవాబులు మూడే: అవును, కావచ్చు, తెలియదు. జనానికి 'అవును' కావాలి. మన దగ్గర ఎక్కువగా ఉండేది 'కావచ్చు'. నిజాయితీగా చూస్తే 'తెలియదు'. షాపింగ్ మాల్‌లో ఇంటిపేరు చెప్పగానే సింహం, డాలు, కత్తి ముద్రించిన కప్పులు అమ్ముతారు చూడండి, వాళ్ళ దగ్గర 'అవును' తప్ప ఇంకో జవాబు ఉండదు. ఆ పేరున్న ఎవడో ఒకడికి రాజు ఎప్పుడో ఆ ముద్ర ఇచ్చి ఉండవచ్చు. ఆ పేరు పెట్టుకున్న వాళ్ళందరికీ ఇవ్వలేదు. ఈ మాట చెప్పి కప్పులు కొనుక్కున్నవాళ్ళ మనసులు విరిచాను. కప్పులు మాత్రం ఎవరూ విరగ్గొట్టలేదు, అంతవరకు నయం.

వాకర్ గారు వాకర్‌తో వచ్చారు

అలాంటి కప్పు పట్టుకునే వచ్చాడు రాన్ వాకర్. కార్ల ప్లాంట్‌లో బతుకంతా పనిచేసి రిటైరైన మనిషి. మోకాళ్ళు రెండూ పోయాయి. నాలుగు కాళ్ళ వాకర్ తోసుకుంటూ, దానికి తగిలించిన సంచీలో కప్పు పెట్టుకుని లిఫ్ట్‌లోంచి దిగాడు. ఇంటిపేరు రాసుకుంటూ నేను పెదవి కొరుక్కోవడం చూసి తనే అన్నాడు.

"నవ్వెయ్, పరవాలేదు. వాకర్ పట్టుకున్న వాకర్‌ని. బతికినన్నాళ్ళూ కార్లు చేశాను. మాకు నడకే రాదు."

ఆయన నమ్మకం ఏమిటంటే వాకర్లు గొప్ప యాత్రికులు, కాలినడకన దేశాలు తిరిగినవాళ్ళు. కప్పు మీద సింహం కూడా ఒక కాలు ముందుకేసి ఉంది. ఈసారి నేను పుస్తకం చూశాను. చూసి, ఎలా చెప్పాలా అని ఆలోచించాను.

ఇంగ్లండులో ఆరేడు వందల ఏళ్ళ కిందట, కొత్తగా నేసిన ఉన్ని బట్ట బిరుసుగా, జిడ్డుగా ఉండేది. దాన్ని ఒక తొట్టిలో పడేసి, నీళ్ళు పోసి, ఒక రకం తెల్లమట్టి వేసి, ఒక మనిషి అందులోకి దిగి గంటల తరబడి తొక్కేవాడు. జిడ్డు వదిలి బట్ట దగ్గరపడేది. అలా బట్ట మీద నడిచేవాడు వాకర్. ఉత్తరాన వాకర్ అన్నారు, దక్షిణాన, తూర్పున ఫుల్లర్ అన్నారు, నైరుతిలో టక్కర్ అన్నారు. మూడు పేర్లు, తొట్టి ఒక్కటే. నడిచినమాట నిజమే కానీ రాన్ పూర్వీకులు ఎంత నడిచినా ఎక్కడికీ వెళ్ళలేదు.

"మట్టి ఒక్కటేనా?" అన్నాడు రాన్.

"మరొకటి కూడా వేసేవాళ్ళు."

"ఏమిటది?"

"మూత్రం. నిలవబెట్టింది."

రాన్ కప్పు మీది సింహం వైపు చూశాడు. అయిపోయింది, ఈయన కూడా మార్గరెట్ దగ్గరికి వెళతాడనుకున్నాను. ఆయన భుజాలు కదలడం మొదలైంది. లైబ్రరీలో అంత గట్టిగా నవ్వినవాణ్ణి ముందెప్పుడూ చూడలేదు. ఆ వారంలోనే పాత ప్లాంట్ స్నేహితులందరికీ ఫోన్ చేసి చెప్పుకున్నాడు. ఆనాటినుంచి నా బల్ల పక్కన కిటికీ దగ్గరి కుర్చీ ఆయనదైపోయింది. సింహం కప్పులోనే కాఫీ తాగేవాడు.

సి అంటే

ఇప్పుడు ఈ పని నాకు అసలు ఏం నేర్పిందో ఆ సంగతికి వస్తాను.

నా సర్వీసు చివర్లో, చలి ఇంకా పోని రోజుల్లో, ఒక కుర్రాడు వచ్చాడు. నా చొక్కా మీది బ్యాడ్జ్ చూశాడు.

"అంకుల్, మీరు తెలుగేనా?"

"పిల్లి అనే పేరు ఇంకే భాషలో పెట్టుకుంటారు నాయనా?"

నవ్వలేదు. "నేమ్ చేంజ్‌కి ఎట్ల అప్లై చెయ్యాల్నో మీరు హెల్ప్ చేస్తరని కింద చెప్పిన్రు."

"చేస్తాను. నీ పేరు?"

"సి. మహేష్."

"సి అంటే?"

"సి అంటే సీ, అంకుల్."

కుర్చీ చూపించాను. కూర్చుని, నా పెన్ను తీసుకుని, కాగితం మీద ఒక మాట రాసి నా వైపు తిప్పాడు. చాకలి.

పాలమూరు వైపు పల్లె వాళ్ళది. "బళ్ళో వేసినప్పుడు సారు ఇంటిపేరు అడగలేదు అంకుల్. మా అమ్మను చూసి రాసేసుకున్నడు. టెన్త్ సర్టిఫికెట్, బీటెక్, పాస్‌పోర్ట్, ఇక్కడ పీఆర్ కార్డ్, అన్నిట్ల అదే. మా మేనేజర్ షకాలీ అంటడు. ఆయనకేం తెల్వదు, మంచిగనే ఉంటది. ప్రాబ్లం మనోళ్ళతోనే. పోయిన సమ్మర్‌ల పిక్నిక్‌కి పోయినం. నేమ్ ట్యాగ్ చూసి ఒకాయన, 'ఇంకేం, మాకు డ్రై క్లీనింగ్ బాధ తప్పింది' అన్నడు. అందరు నవ్విన్రు." ఆగాడు. "నేను గూడ నవ్విన, అంకుల్. గదే మండుతది నాకు."

కాగితాన్ని మళ్ళీ తన వైపు తిప్పుకున్నాడు.

"వచ్చే నెల నా వైఫ్ స్రవంతికి డెలివరీ. పాప అని చెప్పిన్రు. హాస్పిటల్ల పాప చేతికేసే ట్యాగ్ మీద అది ఉండొద్దు. ఆలోపల నా పేరు మార్చుకోవాలె."

"ఏమని మార్చుకుంటావు?"

"కుమార్. మహేష్ కుమార్. క్లీన్‌గ ఉంటది."

నా నాలుక చివరికి ఒక శ్లేష వచ్చింది. నా గురించి తెలిసినవాళ్ళు అదేమిటో ఊహించగలరు. మింగేశాను. ఈ ఉద్యోగంలో వేసిన జోకులు నాకు గుర్తులేవు, మింగినవి గుర్తున్నాయి. మీరూ మింగడం నేర్చుకోండి.

కిటికీ దగ్గర కూర్చున్న రాన్‌కు తెలుగు రాదు కానీ మనుషుల ముఖాలు తెలుసు. వాకర్ తోసుకుంటూ వచ్చి, "కుర్రాడి పేరుకు అర్థమేమిటి?" అన్నాడు. మహేష్ ఆయన వైపు తిరిగి, సవాలు చేస్తున్నట్టుగా, ఇంగ్లీషులో "బట్టలుతికేవాడు" అన్నాడు.

రాన్ ముఖం వెలిగిపోయింది. "అరె, మనది ఒకటే పని!" అని తొట్టి, మట్టి, మూత్రం అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. "దాచుకోవడం దేనికి? నేను ప్లాంటంతా చెప్పుకున్నాను. గర్వపడు, బాబూ."

మహేష్ మర్యాదగా ఆఖరిదాకా విన్నాడు. "సర్, మీ పేరు విని ఎవరైనా మీకు గ్లాసు వేరుగ పెట్టిన్రా?"

"ఏ గ్లాసు?" అన్నాడు రాన్.

"అదే సర్. ఏ గ్లాసు అని అడిగేటంతగ మర్చిపోనీకి మీకు టైం దొరికింది. మాకు ఇంకా దొరకలే."

లేచి, కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

రాన్ నా వైపు చూశాడు. "ఏమన్నాను నేను?"

చెప్పాను. హోటల్లో గోడవతల విడిగా బోర్లించి ఉండే గ్లాసుల గురించి. మా ఊళ్ళో మమ్మల్ని ఇంటిపేరు కూడా అడిగేవాళ్ళు కాదు, ఏ పేట అని అడిగేవాళ్ళు, పేట పేరుతోనే గ్లాసు తేలిపోయేదని. రాన్ కప్పు కింద పెట్టాడు.

"నీకు కూడానా?"

"నాకు కూడా."

"ఇన్నేళ్ళ నుంచి పక్కనే కూర్చుంటున్నాను. ఎప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వు ఏ గ్లాసు అంటావని."

ఇక్కడ కొత్తవాళ్ళకు ఒక మాట నిష్కర్షగా చెప్పాలి. ఇంగ్లీషు ఇంటిపేర్లలో సగానికి సగం చేతిపనులే. కమ్మరి, రొట్టెలు చేసేవాడు, బట్ట తొక్కేవాడు. వాటికి అర్థం చెబుతుంటే హాయిగా ఉంటుంది, ఎందుకంటే వాటి ముల్లు ఎప్పుడో ఊడిపోయింది. ఆ హాయిలోంచి మాట్లాడుతూ, ముల్లు ఇంకా దిగి ఉన్నవాడికి గర్వపడమని పాఠం చెప్పకండి. పేరుకు అర్థం చెప్పడం వరకే మన పని. ఆ పేరుతో ఎలా బతకాలో చెప్పడానికి మనకు జీతం ఇవ్వరు, అర్హత అంతకంటే లేదు. మార్గరెట్ అయితే ఇదే రెండు ముక్కల్లో చెప్పేది.

తొక్కినవాళ్ళు, ఉతికినవాళ్ళు

రాన్ ఆ తర్వాత రోజూ వచ్చాడు. కాఫీ తాగకుండా లిఫ్ట్ వైపే చూస్తూ కూర్చునేవాడు. వారం దాటాక మహేష్ మళ్ళీ కనిపించాడు. వెంట వాళ్ళమ్మ బాలమ్మ గారు. కోడలి డెలివరీ కోసం వచ్చారు. చీర మీద కొడుకు జాకెట్, తలకు ఉన్ని టోపీ, కాళ్ళకు బూట్లు.

రాన్ లేచాడు. ఆయన లేవడం చిన్న విషయం కాదు. "గ్లాసు సంగతి పిల్లి చెప్పాడు. నాకు తెలియదు. తెలియకుండా మాట్లాడాను. మన్నించు" అన్నాడు.

"ఇట్స్ ఓకే, సర్. కూర్చోండి" అన్నాడు మహేష్. నిజంగానే కంగారుపడ్డాడు.

"ఏందిరా? పెద్దమనిషి ఏమంటుండు?" అన్నారు బాలమ్మ గారు.

మహేష్ సంచీలో కాగితాలు వెతుక్కుంటున్నాడు. అందుకని నేనే చెప్పాను. ఆయన ఇంటిపేరు వాకర్ అనీ, వాళ్ళ పెద్దలు కూడా బట్టల పనివాళ్ళేననీ.

"తెల్లోళ్ళల్ల గూడ ఉన్నరా మనోళ్ళు!" ఆవిడ రాన్‌ను పైనుంచి కిందిదాకా చూశారు. "బండకేసి కొడ్తరా?"

"లేదమ్మా. తొట్టిలో వేసి కాళ్ళతో తొక్కేవాళ్ళట. పొద్దస్తమానం."

"కాళ్ళతోనా? గందుకే పాపం, ముసలాయన కాళ్ళు గట్ల పోయినయి!"

ఇది అనువదించవచ్చా అని ఒక్క క్షణం ఆగాను. రాన్, "చెప్పు, చెప్పు, నా కాళ్ళ గురించే కదా" అన్నాడు. చెప్పాను. మళ్ళీ ఆ నవ్వు. కింది అంతస్తు నుంచి ఎవరో మెట్లెక్కి వచ్చి చూసి వెళ్ళారు. బాలమ్మ గారు కూడా పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. మురికి పోవడానికి ఏం వేసేవాళ్ళని అడిగారు. మట్టీ, మూత్రమూ అని చెబితే, "మాది చౌడు. బానల పోసి ఉడకేస్తం. మీ వాసన కంటె నయం" అన్నారు.

మహేష్ ఒక్కడే నవ్వలేదు. నింపవలసిన కాగితాలు బల్ల మీద పెట్టాడు. బాలమ్మ గారు అటు చూశారు.

"ఏం పేరు రాస్తున్నవ్?"

"కుమార్."

"కుమార్ ఎవడు?"

"ఎవడు కాదమ్మా. పేరు."

"మీ నాయన పేరు కాదు, తాత పేరు కాదు. ఎవడో కుమార్ ఇంటికి పోతదా నా మనవరాలు?"

"అమ్మా, ఆ పేరు వద్దు నాకు. పిల్లకు అసలే వద్దు."

"నాకు మాత్రం ముద్దా?" గొంతు తగ్గలేదు. "అది మనం పెట్టుకున్నదా? మనల్ని వాకిట్ల నిలబెట్టి కేకేసెటోళ్ళు పెట్టిన్రు. తీసెయ్. పీడ పోతది. కని మనకు ఇంటిపేరు లేదా? రేవల్లి కాదా మనం? నీ పెండ్లి పత్రిక మీద ఏం అచ్చేయించినం?"

"పెండ్లి పత్రిక మీదనే గదమ్మా అది ఉండేది. ఇంకెక్కడుంది?"

"గందుకే చెప్తున్న. పత్రిక మీదికెల్లి పిల్ల మీదికి తే."

మహేష్ పెన్నుకు మూత పెట్టాడు. తర్వాత నాకు మాత్రమే వినిపించేలా అడిగాడు. "రేవల్లిల గూడ రేవు ఉంది కద, అంకుల్. తెలిసినోళ్ళకు తెలిసిపోతది కద?"

అతనికి నా దగ్గరనుంచి ఒక 'అవును' కావాలి. లేదా ఒక 'కాదు'. ఏది చెప్పినా ఆ కుర్రాడు దాని ప్రకారం నడుచుకునేలా ఉన్నాడు. అది చూసి నాకు భయం వేసింది.

"తెలియదు" అన్నాను. "ఊరి పేర్లు పైకి కనిపించినట్టే ఉండాలని లేదు. అందులో ఉన్నది రేవే కావచ్చు, కాకపోనూవచ్చు."

"మరి నన్నేం చెయ్యమంటరు?"

"ఏమీ చెయ్యమనను, మహేష్. నువ్వు ఏది రాస్తే అది ఎలా పంపాలో చూపిస్తాను."

రాన్ ఏం జరుగుతోందని అడిగాడు. అమ్మ ఒక పేరు చెప్పారన్నాను. రేవల్లి అని నాలుగుసార్లు అనిపించుకుని, "రివ్యాలీ!" అన్నాడు. సైన్యంలో తెల్లవారగానే అందర్నీ లేపడానికి ఊదే బూరకు ఇంగ్లీషులో అదే పేరట. "పుట్టబోయే పిల్లకు ఇంతకన్నా సరైన పేరుందా? ఇల్లంతా లేచి కూర్చుంటుంది, చూస్తూ ఉండు."

మహేష్ మొదటిసారి నవ్వాడు. కానీ ఆరోజు ఏమీ రాయలేదు. కాగితాలు సంచీలో పెట్టుకుని, అమ్మ టోపీ సరిచేసి తీసుకెళ్ళాడు.

రేవు

ఇలాంటి కేసుల్లో ఆఖరుకు ఏం జరిగిందో మనకు చాలావరకు తెలియదు. జనం కావలసింది తీసుకుని వెళ్ళిపోతారు. వెళ్ళిపోవాలి కూడా. మార్గరెట్ ఆ మాట ఎన్నోసార్లు అన్నా నాకు అది ఎప్పుడూ అలవాటు కాలేదు. మంచు కరిగాక నేనూ లిఫ్ట్ వైపు చూడటం మొదలుపెట్టాను.

ఒక మధ్యాహ్నం లిఫ్ట్ తలుపు తెరుచుకుంటే ముందు ఏడుపు వినిపించింది, ఆ వెనక మనుషులు. మహేష్ భుజాన పాప, వెనక స్రవంతి, ఆమె వెనక బాలమ్మ గారు. ఈసారి ఆవిడ బూట్లు మానేసి చెప్పులతోనే వచ్చారు. రాన్ తన వాకర్‌ను పక్కకు తోసి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఏం పేరు పెట్టారు?"

"మేఘన," అంది స్రవంతి. "మేఘన రేవల్లి."

"బూర పేరే పెట్టారన్నమాట!" రాన్ పాప పిడికిట్లో వేలు పెట్టాడు. తర్వాత, ఈసారి జాగ్రత్తగా, చెప్పాలనిపిస్తేనే చెప్పమన్నట్టు అడిగాడు. "మీ భాషలో దానికి అర్థం ఏమైనా ఉందా?"

మహేష్‌కు తప్పించుకునే దారులు చాలా ఉన్నాయి. ఊరి పేరనవచ్చు. అర్థం లేదనవచ్చు. నా వైపు చూసి, తెలియదని నాతోనే అనిపించవచ్చు. అతను నా వైపు చూడలేదు. పాపను ఈ భుజం మీదినుంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు.

"నీళ్ళ ఒడ్డు, సర్," అన్నాడు ఇంగ్లీషులో. "మా అమ్మవాళ్ళు బట్టలుతికిన చోటు."

రాన్ తల ఊపాడు. గర్వపడమని అనలేదు. ఆయన బాలమ్మ గారి వైపు తిరిగి, పాత ప్లాంట్ మనిషి ఇంకో ప్లాంట్ మనిషిని అడిగినట్టు అడిగాడు. "నీళ్ళు మంచివేనా అక్కడ?"

నేను తెలుగులో అడిగాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మా రేవు నీళ్ళా? ఏం చెప్పాలె సారూ! సబ్బు గిట్ల చూపిస్తె చాలు, నురుగే నురుగు. ఎండకాలం గూడ సల్లగ ఉంటయి. తెల్లబట్ట ఏసినమంటె..."

నేను ఇంగ్లీషులోకి మార్చబోయాను. రాన్ నా చేతి మీద చెయ్యి వేసి ఆపాడు, గాలిలోనే బట్ట జాడిస్తున్న ఆవిడ చేతులే చూస్తూ.